చలపతి తెచ్చిన సారె

మా బ్రెమెన్ తెలుగు సంఘం సంచికకి ఏటా ఒక ప్రముఖుడి మీద వ్యాసం రాసిపెట్టమని నన్నడుగుతారు. ఈసారి ప్రముఖుడు కానివాడి మీద రాస్తానన్నాను. సంపాదకుడు విశ్వతేజ కుర్రవాడు. "అయితే మీ గురించే రాసుకోండి తాతగారూ" అని నవ్వాడు.

నా గురించి రాయడానికేం, బోలెడుంది. రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో, జిల్లా బోర్డు బడిలో పదకొండో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. ఈ ఊరి ఓడల కార్ఖానాలో మొదటి తరగతి వెల్డరుగా సర్టిఫికెట్ అందుకున్న మొదటి తెలుగువాణ్ణి నేనే. జర్మను కార్మికులు ఓట్లేసి తమ ప్రతినిధిగా ఎన్నుకున్న మొదటి భారతీయుణ్ణీ నేనే. ఈ సంఘం పెట్టిందీ, చర్చి హాలు మాట్లాడి మొదటి ఉగాది పచ్చడి కలిపిందీ కూడా ఈ గంగాధరరావే. ఆ ఏడు వేపపువ్వు దొరక్క కాకరకాయ తురుము వేశాను. ఒక్కరూ వంక పెట్టలేదు.

కానీ ఈ వ్యాసం చలపతిది. నా సంగతులు మధ్యలో వస్తే మన్నించాలి. ఆయన కథ నా కళ్ళ ముందు జరిగింది కనక రాకుండా ఉండవు.

చలపతిది పెనుగొండ దగ్గర పల్లె. మస్కట్‌లో ఒక గుజరాతీ సేఠు దగ్గర వ్యాను తోలేవాడు. ఆ సేఠు తమ్ముడికి ఇంగ్లండులో, లెస్టర్ ఊళ్ళో, కిరాణా టోకు వ్యాపారం. నమ్మకస్తుడు కావాలని చలపతిని అక్కడికి పిలిపించుకున్నారు. కొన్నేళ్ళకి చలపతి అక్కడి పాస్‌పోర్టు తీసుకుని, సొంతంగా ఒక తెల్ల వ్యాను కొనుక్కుని, జర్మనీలో ఉన్న తెలుగిళ్ళకి సరుకు తోలడం మొదలుపెట్టాడు. ఓడెక్కి సముద్రం దాటి, హాలెండులో దిగి, ముందు బ్రెమెన్, తర్వాత డార్మ్‌స్టాట్, చివర జార్‌బ్రూకెన్. సోనామసూరి బియ్యం, ఇడ్లీరవ్వ, గుంటూరు మిరపకాయలు. వీటితోబాటు ఇళ్ళ మధ్య తిరిగే సామాను. అక్కగారు పంపిన కందిపొడి, మేనత్త పంపిన పట్టుచీర, ఒకసారి ఒక రుబ్బురోలు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదయ్యా అంటే, "రోడ్డు మీదే ఉన్నాను కదండీ" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

అప్పట్లో ఇంగ్లండు కూడా యూరపు ఉమ్మడి సంతలో మనిషే. రేవులో పాస్‌పోర్టు చూసేవారు గానీ, సరుకు తలుపు తీయమన్నవాడు లేడు.

ఒకప్పుడు బ్రెమెన్ ట్రాములో తెలుగు మాట వినపడితే నేను దిగవలసిన చోటు వదిలేసి మరీ పలకరించేవాణ్ణి. ఉద్యోగాలకి బ్లూ కార్డులు, చదువులకి మాస్టర్స్ సీట్లు వచ్చాక అలా పలకరించుకుంటూ పోతే ఇంటికి చేరను. అంతమంది పిల్లలు! రావడం రావడం గది దొరక్క, గది దొరికినా ఆ చిరునామా నమోదు చేయించే అన్మెల్డుంగ్‌కి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరక్క నానా తిప్పలు పడేవారు. ఆ పిల్లల్లో ఒకతి కావ్యశ్రీ. విమానాల చదువు చదవడానికి వచ్చింది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. పిన్ని హైమావతి పెంచింది. ఆ పిన్ని లెస్టర్‌లో ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు.

పిన్ని ఇచ్చిన పచ్చడి జాడీ పట్టుకుని చలపతి మొదటిసారి ఆ పిల్ల గదికి వెళ్తే, హీటరు ఎటు తిప్పాలో తెలియక కోటు వేసుకుని ముడుచుకుని కూర్చుని ఉందట. హీటరు తిప్పి, టీ పెట్టించి, గది వెచ్చబడ్డాకే కదిలాడు. అప్పట్నుంచి నెలనెలా వ్యాను బ్రెమెన్ వచ్చిందంటే ముందు ఆ పిల్ల తలుపే. ఆమె బాబాయ్ అనేది. అఖిలేష్‌తో పెళ్ళి కుదిరినప్పుడు పిల్లవాణ్ణి చూసి రమ్మని హైమావతి ఈయన్నే పంపింది. చూసొచ్చి, "కుర్రాడు తిన్న కంచం తనే కడుక్కుంటున్నాడండి, ఇంకేం కావాలండి" అన్నాడట.

రెండువేల పదిహేడులో లెస్టర్ తెలుగువాళ్ళు నన్ను ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పారు. ఆ ఫొటో మా హాల్లో ఉంది, వచ్చినవాళ్ళు చూడవచ్చు. హోటలు వద్దని చలపతి అద్దెకుండే ఇంట్లోనే దిగాను. పై గదిలో చలపతి, కింద ఇంటి యజమాని డెరెక్. భార్య పోయిన ఇంగ్లీషాయన. మేజోళ్ళు అల్లే మిల్లులో జీవితమంతా పనిచేశాడు. ఆ మిల్లు మూసేసి అప్పటికి చాలా ఏళ్ళయింది. యూరపు సంతలోంచి బయటికి పోదామని దేశమంతా ఓట్లేసి ఏడాది తిరిగింది. ఈయనా పోదామనే వేశాడు.

నేను ఉండబట్టలేక అడిగాను. "డెరెక్, నీ ఇంట్లో అద్దెకున్నవాడి బతుకే ఆ సముద్రం దాటడం. అయినా ఎందుకు వేశావయ్యా?"

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టాడు. "మా మిల్లు మూసినప్పుడు లండను నుంచి ఒక్కడూ రాలేదు గంగా. మా అమ్మాయి ఉద్యోగం చేస్తూ కూడా పుట్టిన ఊళ్ళో ఇల్లు కొనలేకపోతోంది. లండనులో మాత్రం మేడల మీద మేడలు లేస్తున్నాయి. నలభై ఏళ్ళు మా మాట ఎవడూ వినలేదు. ఆ ఒక్క రోజు విన్నారు. టీవీలో వాళ్ళ మొహాలు చూశావా? తెల్లబోయాయి."

"మరి చలపతి?"

"అది చలా మీద వేసిన ఓటు కాదు" అన్నాడు. గొంతు కొంచెం తగ్గింది. "నీ వ్యానుకి ఏమీ కాదు చలా. ఏదో ఏర్పాటు చేస్తారు."

"ఆయ్, చేస్తారులెండి" అన్నాడు చలపతి, ఆయన కప్పులో ఇంకాస్త టీ పోస్తూ.

నాకు డెరెక్ మీద కోపం రాలేదు. ఎనభై మూడులో మా ఓడల కార్ఖానా మూసేస్తామంటే, గేట్లు మూసుకుని లోపల కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. బయట పెళ్ళాలు సూపు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. ఊరంతా మాతో ఉంది. కార్ఖానా మాత్రం మూసేశారు. ఆ కోపం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎదుటివాడి అద్దం పగిలితే చాలు, గాజుపెంకు మన చేతిలో దిగినా ఫరవాలేదనిపిస్తుంది. డెరెక్‌కి ఈ మాటే చెప్పాను. చాలాసేపు నా చెయ్యి పట్టుకున్నాడు.

రెండువేల ఇరవై ఒకటి జనవరి నుంచి సముద్రం దాటే ప్రతి సామానూ ఏమిటో, ఎక్కడిదో, దేనితో చేసిందో రాసివ్వాలన్నారు. పెద్ద కంపెనీలు అందుకు మనుషుల్ని పెట్టుకున్నాయి. ఒంటి వ్యానువాడు ఎవర్ని పెట్టుకుంటాడు? ఒక ఇంటి కందిపొడి, ఇంకో ఇంటి ఊరమిరపకాయలు, ఎవరిదో రోకలి. ఏ గడిలో ఏమని రాయాలో చలపతికే కాదు, రాసిపెట్టే ఏజంటుకీ తెలియలేదు. జర్మనీలో మన పిల్లలు హాలెండు నుంచి వచ్చే సరుకుకి అలవాటుపడ్డారు. కోపమొచ్చి ఓటేసిన డెరెక్ నష్టపోలేదు, లండను మేడలవాళ్ళూ నష్టపోలేదు. వ్యాను ఆగిపోయింది. చలపతి ఊళ్ళోనే పార్సిళ్ళు పంచే పనికి కుదిరాడు. డెరెక్ ఏమీ అనేవాడు కాదట. వారానికోసారి మాత్రం బయటికి వచ్చి, ఎక్కడికీ వెళ్ళని ఆ వ్యానుకి నీళ్ళు కొట్టి శుభ్రంగా కడిగేవాడట.

మరుసటేడు వేసవికి ముందు కావ్యశ్రీకి ఏడో నెల. శ్రీమంతం ఆదివారం నాడు, మా సంఘం హాల్లోనే. అఖిలేష్ తల్లిదండ్రులు రాలేని పరిస్థితి కనక అత్తింటివారి తరఫున నేను, మా ఆవిడ రత్నకుమారి నిలబడతామన్నాం. పుట్టింటి తరఫున రావలసింది హైమావతి. ఆమెకి వీసా టెర్మిన్ దొరకలేదు. ఎప్పుడు చూసినా ఖాళీ లేదనే.

బ్రెమెన్‌లో మిఠాయిలకి కొరత లేదు. కానీ శ్రీమంతానికి చలిమిడి పుట్టింటి నుంచే రావాలి. తడిబియ్యప్పిండి, బెల్లప్పాకం కలిపిన ఆ ముద్ద పుట్టింటివారు ఒళ్ళో పెడితే కడుపు చల్లగా ఉంటుందంటారు. కావ్యశ్రీ చదువుకున్న పిల్ల, ఆ నమ్మకాలు పెద్దగా లేవు. మా ఆవిడతో మాత్రం అంది, "ఆంటీ, నా వెనక కూడా ఒక ఇల్లుందని ఆ రోజు ఒక్కసారి నలుగురికీ కనిపిస్తే చాలు."

ఆ మాట హైమావతి ద్వారా చలపతి చెవిన పడింది. "సారె నేను పట్టుకెళ్తానండి. వ్యాను ఉంది కదండీ" అన్నాడు.

హైమావతి సెలవు పెట్టి చలిమిడి చేసింది, సున్నుండలు చుట్టింది, అరిసెలు వండింది. చీర, గాజులు, పసుపు కుంకుమ, కొబ్బరికాయలు, అరటిపళ్ళు సర్దింది. కొత్త రూళ్ళ గురించి చలపతి వాకబు చేసుకున్నాడు. మాంసం, పాలు, పాలతో చేసినవీ పనికిరావన్నారు. అందుకని దారిలో తినడానికి తన పెరుగన్నం కూడా మానేసి పులిహోర కట్టుకున్నాడు. అంత జాగ్రత్తపరుడు.

హాలెండు రేవులో ఒక చిన్న వయసు అమ్మాయి, యూనిఫారంలో, వ్యాను తలుపు తీయించింది. మాంసం గానీ పాలు గానీ ఉన్నాయా అంది. లేవమ్మా అన్నాడు. స్టీలు డబ్బా మూత తీసింది. గుప్పుమని వాసన.

"వెన్నా?"

"వెన్న కాదమ్మా, నెయ్యి."

"అంటే ఏమిటి?"

చలపతికి ఎవరైనా అడిగితే వివరంగా చెప్పే అలవాటు. పాలు కాచి, తోడేసి, చిలికి, వెన్న తీసి, ఆ వెన్న కమ్మగా కాస్తే నెయ్యమ్మా అని మొత్తం చెప్పాడు. ఆ అమ్మాయి ఆయన మొహంలోకే చూస్తూ వింది. విని, డబ్బాలు పక్కకి పెట్టింది. సున్నుండలు, అరిసెలు, చలిమిడి, అన్నిట్లోనూ నెయ్యే.

"పాలు వేరు, నెయ్యి వేరు కదండీ!" అని తర్వాత నాతో అన్నాడు, నిజంగానే తెలియక. ఆయన్ని ఏమనను? డబ్బాలు కట్టిన హైమావతికి తట్టలేదు. ఫోనులో జాగ్రత్తలు చెప్పిన నాకు తట్టలేదు. ఇన్నేళ్ళుగా యూరపులో ఉంటున్న మా ఆవిడకీ తట్టలేదు. మన ఇళ్ళల్లో నెయ్యిని పాల లెక్కలో ఎవరు వేస్తారు?

పారెయ్యక తప్పదని ఆ అమ్మాయి చెప్పింది. కడుపుతో ఉన్న పిల్లకమ్మా అని చలపతి బతిమాలాడు. రూలు నేను పెట్టలేదండీ అంది. "అయితే ఒక్కటి నోట్లో వేసుకో తల్లీ. ఎవరూ ముట్టకుండా చెత్తలో పడకూడదు" అన్నాడట. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. కానీ డబ్బాలు విసరలేదు. మూతలు జాగ్రత్తగా బిగించి, రెండు చేతులతో ఒక్కొక్కటే తొట్టిలోకి దించింది. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, చీర, గాజులు ఉంచుకోమంది.

శనివారం పొద్దున్న పదకొండింటికి మా ఇంటి ముందు వ్యాను ఆగింది. మనిషి దిగడే. నేనే వెళ్ళి తలుపు తీశాను. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు.

"చెడగొట్టానండి గురువుగారూ. ఆ పిల్ల మొహం ఎలా చూడనండి?"

జరిగిందంతా విని మా ఆవిడ అంది, "ఏడవడానికి టైము లేదు. రేపటికి ఇంకా పూట ఉంది. బియ్యం నానెయ్యండి, ఇక్కడే చేద్దాం."

"వద్దండి. మీరు అత్తింటివారు. మీ వంటింట్లో చేస్తే అది అత్తింటి చలిమిడి అవుతుందండి. అది ఆ పిల్లకి అక్కర్లేదు."

లోపలికి వెళ్ళబోతున్న మా ఆవిడ ఆగిపోయింది. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె అనుకున్న పని అలా మానుకోవడం నేను చూడలేదు.

"మరెక్కడ చేస్తావయ్యా, రోడ్డు మీదా?" అన్నాను.

"వ్యాన్లోనండి. ఇది హైమావతి గారి గుమ్మం ముందు నుంచే కదా వచ్చింది."

వ్యాను వెనక తలుపులు బార్లా తీశాడు. దారిలో టీ కాచుకునే చిన్న గ్యాసుపొయ్యి ఉంది. తన బక్కెట్లోనే బియ్యం నానేశాడు. వెన్న కొనుక్కొచ్చి కాచాడు. సాయంత్రానికి బియ్యం వడగట్టాక, మిక్సీకి కరెంటు ఎలాగా అన్న ప్రశ్న వచ్చింది. మా కిటికీలోంచి వైరు లాగాను.

"కరెంటు మీ ఇంటిది కదండి. ఫరవాలేదంటారా?" అన్నాడు మా ఆవిడతో, భయంభయంగా.

"కరెంటుకి పుట్టిల్లూ అత్తిల్లూ ఏమిటయ్యా, తిప్పు!"

ఆమె మాత్రం మాట ప్రకారం చెయ్యి పెట్టలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తోంది. ఫోనులో హైమావతి. "చలపతిగారూ, పాకం ముదరనివ్వకండి... అయ్యో, ముదిరింది కదూ, చప్పుడే చెబుతోంది." మొదటి పాకం రాయి అయింది. ఓడల ఇనుము అతికిన నా చేతులతో కూడా దాన్ని గిన్నెలోంచి ఊడదియ్యలేకపోయాను. రెండోసారి దించాల్సిన క్షణానికి హైమావతి దించండి అని అక్కడ అరిచింది, మా ఆవిడ దించు అని ఇక్కడ అరిచింది, చలపతి దించాడు. పిండి పోసి కలుపుతుంటే పక్కింటి జర్మనావిడ కుక్కతో వచ్చి నిలబడి, ఏం చేస్తున్నారంది. పుట్టిల్లు అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

ఆదివారం హాలు నిండింది. కావ్యశ్రీ పీట మీద కూర్చుంది. ఆకుపచ్చ పట్టుచీర, చేతినిండా గాజులు. సారె పళ్ళాలు ముందు పెట్టాక ఆమె స్నేహితురాలు భానుప్రియ డబ్బా మూత తీసి, "అబ్బ, మీ పిన్ని చేతి చలిమిడి!" అంది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. చలపతి ఊరుకోలేదు. కావ్యశ్రీ వైపు తిరిగాడు.

"కాదమ్మా. మీ పిన్ని చేసింది రేవులో పారేశారు. ఇది నేను వ్యాన్లో చేశాను. నువ్వు అడిగిన పుట్టింటిది తేలేకపోయానమ్మా."

కావ్యశ్రీ ఆయన్ని చూసింది, డబ్బాని చూసింది. కొంగు రెండు చేతులా పట్టి ఒడి చాపింది.

"పెట్టు బాబాయ్."

ఆయన వెనక్కి జరిగాడు. "ముత్తయిదువులు పెట్టాలమ్మా. నేనెవర్ని?"

వెనక ఎవరో అన్నారు కూడా, మగవాడు ఒడి నింపడమేమిటని. నేను మా ఆవిడ వంక చూశాను. శాస్త్రాల విషయంలో ఆమె మాటే ఆ హాల్లో చెల్లుతుంది. ఆమె లేచింది. ఒక పీట తెచ్చి కావ్యశ్రీకి ఎదురుగా వేసింది.

"పుట్టింటివారు కూర్చోండి" అంది.

చలపతి కూర్చున్నాడు. రెండు చేతులా చలిమిడి ముద్ద తీసి ఒళ్ళో పెట్టాడు. కొంచెం చీర మీద రాలింది. కావ్యశ్రీ ఆ రాలినదాన్ని వేలితో తీసి నోట్లో వేసుకుంది.

"ఎలా ఉందమ్మా?"

"పాకం కొంచెం ముదిరింది బాబాయ్" అంది, ఏడుస్తూ నవ్వుతూ.

అత్తింటివారు అడగవలసిన మాట ఒకటి ఉంటుంది. మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, నిజం వియ్యపురాలిలాగే బిగువుగా అడిగింది. "పురిటికి ఎప్పుడు తీసుకెళ్తారు?"

కాన్పు బ్రెమెన్ ఆసుపత్రిలోనేనని అందరికీ తెలుసు. అది అడిగే మాట, అంతే. కానీ చలపతి అలా అనుకోలేదు.

"ఉన్నది ఒక గదండి. కింద డెరెక్ అని పెద్దాయన ఉంటారు, మంచివారు. గది అమ్మాయికి ఇచ్చి నేను కింద పడుకుంటాను. మీరు పంపితే తీసుకెళ్తానండి."

"వస్తా బాబాయ్" అంది కావ్యశ్రీ. "వీసాకి టెర్మిన్ పెట్టుకుంటా."

"ముందు ఇక్కడ కాన్పు కానీ" అంది మా ఆవిడ. "ఆనక ఇద్దరికీ కలిపి పెట్టుకుందువు."

మామగారి స్థానంలో ఉన్నవాణ్ణి కనక ఒప్పుకోవలసింది నేను. ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి. ఆ ఒక్క ముక్క అనడానికి లేచి నిలబడ్డాను.

"పంపిస్తాం వియ్యంకుడుగారూ" అన్నాను.

చలపతి కళ్ళొత్తుకోడానికని భుజం మీద కండువా కోసం తడుముకున్నాడు. కండువా లేదు, కోటు చేతి అంచుతో తుడుచుకున్నాడు.